మూడో శనివారం సినిమా ఎందుకు తీసేశారు? మన తెలుగు సంఘం కార్యవర్గానికి బహిరంగ లేఖ

అధ్యక్షులు గారికి, కార్యవర్గంలోని అన్నలకు, అక్కలకు నమస్కారం.

పోయిన మంగళవారం రాత్రి పదకొండు దాటాక మన వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఈ నెల పిల్లల సినిమా మారిందట. పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా బదులు కొత్త యానిమేషన్ సినిమా వేస్తారట. పిజ్జా మాత్రం ఎప్పటిలాగే ఉంటుందట. కింద పద్నాలుగు బొటనవేళ్లు లేచాయి. అవి పిజ్జాకో, సినిమా మారినందుకో నాకు అర్థం కాలేదు.

ఆ పాత సినిమా పెడదామని అడిగింది నేనే. ఆగస్టు మీటింగులో మీరంతా సరేనన్నారు. ప్రదర్శన హక్కుల సంగతి నేనే కనుక్కుంటానని, ఫీజు ఉంటే నేనే కడతానని కూడా చెప్పాను. మరి ఎందుకు మార్చారని అడిగితే గ్రూపులో నాలుగు కారణాలు వచ్చాయి. బ్లాక్ అండ్ వైట్ అయితే పిల్లలు కుదురుగా కూర్చోరు. అందులో తెలిసిన మొహం ఒక్కటీ లేదు. యుద్ధం, నాజీలు, ఇదంతా పిల్లలకెందుకు. మొదట్లోనే కుక్క చనిపోతుంది, ఏడుస్తారు. మర్నాడు ఒక అక్క ఫోన్ చేసి ఐదో కారణం చెప్పింది. అది గ్రూపులో రాలేదు. అసలు కారణం అదేనని నాకు అనిపించింది కాబట్టే ఈ లేఖ. ఫోన్లలో ఒకరి తర్వాత ఒకరికి చెప్పుకునేకన్నా అందరికీ ఒకేసారి రాసేయడం నయం.

ముందు సినిమా సంగతి చెప్తాను. చూడకుండానే తీసేశారని తెలుసు. తప్పు పట్టను. ఎనభై ఏళ్ల నాటి సినిమాను ఎవరు వెతుక్కుని చూస్తారు?

పేరు 'ది అడ్వెంచర్స్ ఆఫ్ రస్టీ'. కొలంబియా వాళ్లు తీశారు, దర్శకుడు పాల్ బర్న్‌ఫోర్డ్. 1945 సెప్టెంబరులో వచ్చింది. నిడివి గంటా పది నిమిషాలు కూడా ఉండదు. అప్పట్లో అమెరికా థియేటర్లలో ఒకే టికెట్ మీద రెండు సినిమాలు వేసేవాళ్లు. పెద్ద తారలున్నది ఒకటి, దానికి జతగా చిన్నది ఒకటి. కూరగాయలు కొంటే కరివేపాకు కొసరు వేస్తారు చూడండి, ఈ రెండోది అలాంటిది. ఇలాంటి చిన్న సినిమాలకు థియేటర్ల వాళ్లు వసూళ్లలో వాటా ఇచ్చేవాళ్లు కాదు, ఇంత అని ఒక కిరాయి కట్టేవాళ్లు. హాలు నిండినా, ఈగలు తోలినా స్టూడియోకి వచ్చేది అంతే. అందుకని తీసేటప్పుడే పైసా పైసా లెక్క.

దానికి తోడు యుద్ధం. ఒక సినిమాకు కొత్త సెట్ల సామాను మీద 5,000 డాలర్లకు మించి పెట్టకూడదని 1942లో ప్రభుత్వం నియమం పెట్టింది. కలప, మేకులు, ఇనుము అన్నీ యుద్ధానికే పోతున్నాయి. ముడి ఫిలిం మీద కూడా కోత పడింది. పెద్ద స్టూడియోల వాళ్లు లబోదిబోమన్నారు. చిన్న సినిమాల వాళ్లకు మాత్రం పెద్దగా తేడా తెలిసి ఉండదు. ఎవరో కట్టి వాడుకుని వదిలేసిన సెట్లోనే సర్దుకోవడం వాళ్లకు ముందునుంచీ అలవాటే. మన సంక్రాంతి నాటకానికి దసరా పరదాలు వాడుకున్నాం గదా, అట్లాగే.

కథ ఇది. లాటన్‌విల్ అనే చిన్న ఊరు, డానీ అనే పిల్లవాడు. తండ్రి రెండో పెళ్లి చేసుకున్నాడు. కొత్తగా ఇంట్లో అడుగుపెట్టిన ఆమె పేరు ఆన్. డానీకి ఆమె అంటే పడదు. వాడి లోకమంతా వాడి కుక్కే. ఆ కుక్క కాస్తా చనిపోతుంది. తర్వాత రస్టీ అనే జర్మన్ షెపర్డ్ వాడి కంట పడుతుంది. అది జర్మనీలో నాజీ పోలీసుల చేతుల్లో పెరిగిన కుక్క, యుద్ధం పుణ్యమా అని సముద్రం దాటి ఇక్కడికి చేరింది. మనిషి దగ్గరికొస్తే మీద పడుతుంది. దాన్ని మచ్చిక చేసుకోవాలని పిల్లవాడు మొండికేస్తాడు. ఇంతలో విధ్వంసం చేయడానికి వచ్చిన ఇద్దరు జర్మన్లు ఆ చుట్టుపక్కల దిగుతారు. వాళ్లకు ఆ కుక్క పెరిగిన భాష వచ్చు. చివర ఏమవుతుందో చెప్పను, మీరు రావాలి కదా.

ఆ ఇద్దరు జర్మన్లు ఉత్త కట్టుకథ అనుకోకండి. 1942 జూన్‌లో జలాంతర్గాముల్లో వచ్చి, లాంగ్ ఐలాండ్ ఒడ్డున నలుగురు, ఫ్లోరిడా ఒడ్డున నలుగురు దిగారు. పట్టుకుని ఆరుగురికి మరణశిక్ష అమలు చేశారు. 1944 నవంబర్ చివర్లో ఇంకో ఇద్దరు మెయిన్ రాష్ట్రంలో హాంకాక్ పాయింట్ దగ్గర దిగారు. మంచు కురుస్తున్న రాత్రి. డ్యాన్సు చూసుకుని కారులో ఇంటికి వస్తున్న పదిహేడేళ్ల స్కౌట్ కుర్రాడికి, నెత్తిన టోపీ లేకుండా మంచులో నడిచిపోతున్న ఇద్దరు మనుషులు కనిపించారు. ఆ రాత్రి అక్కడ అలా నడిచేవాళ్లు ఎవరుంటారు? మంచులో అడుగులు పట్టుకుని వెళ్తే అవి సముద్రం దగ్గరికి తీసుకెళ్లాయి. సినిమా కన్నా నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది, నిజం చెప్పాలంటే.

సినిమాలో లోపాలు లేవని అనను. గూఢచారుల భాగం బొమ్మల కథలా ఉంటుంది. పైగా సినిమా వచ్చేసరికి జర్మనీ లొంగిపోయి నాలుగు నెలలైంది, జపాన్ సంతకం పెట్టి కూడా కొద్ది రోజులైంది. చల్లారిపోయిన పెసరట్టు తెచ్చి టేబుల్ మీద పెట్టినట్టయింది ఆ భాగం. అయినా జనం ఆ పిల్లవాణ్ణీ కుక్కనూ వదల్లేదు. 1949 వరకు మొత్తం ఎనిమిది రస్టీ సినిమాలు వచ్చాయి, ఎనిమిదింటిలోనూ డానీగా టెడ్ డొనాల్డ్‌సనే వేశాడు.

తెలిసిన మొహం లేదన్నారు. తండ్రి వేషం వేసిన కాన్రాడ్ నాగెల్ మూకీల కాలం నుంచీ పెద్ద హీరో. 1927లో ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీ పెట్టినవాళ్లలో ఒకడు. 2023లో మన తెలుగు పాటకు ఆస్కార్ వచ్చిన రోజు మన హాల్లో కుర్చీలు పక్కకు జరిపి స్టెప్పులేశాం, గుర్తుందా? ఆ ఆస్కార్ బొమ్మ పుట్టుకలో చెయ్యి ఉన్న మనిషి ఈ కొసరు సినిమాలో పిల్లవాడి తండ్రిగా నిలబడ్డాడు. ఇక రస్టీగా చేసిన కుక్క పేరు ఏస్. ఇంద్రజాల్ కామిక్స్ చదువుకున్న అన్నలకు చెప్తున్నాను, 1943 ఫాంటమ్ సినిమా సీరియల్లో హీరో వెంట ఉండే డెవిల్ ఈయనే. ఈయన అనే అంటాను, అంత సీనియర్ ఆర్టిస్టు.

యుద్ధం పిల్లలకెందుకన్నారు. మన పిల్లలు కన్సోల్ ముందు కూర్చుని ఎంతమందిని కాలుస్తున్నారో రాత్రి భోజనాల దగ్గర ఒకసారి లెక్క అడగండి. ఆ ఆటల్లో ఎవరికీ ఇల్లు ఉండదు, ఇంట్లో కుక్క ఉండదు. అసలు యుద్ధం ఇంట్లోకే వస్తుంది. 1939 సెప్టెంబరులో యుద్ధం ప్రకటించిన మొదటి రోజుల్లోనే బ్రిటన్‌లో లక్షల పిల్లుల్ని, కుక్కల్ని యజమానులే తీసుకెళ్లి చంపించారు. లండన్ మీద ఇంకా ఒక్క బాంబు పడలేదు. తిండి దొరకదేమో, బాంబులు పడితే వీటిని ఏం చేయాలి అనే భయం, అంతే.

అమెరికాలో జరిగింది ఇంకోటి. 1942 జనవరిలో కుక్కల పెంపకందార్లు కొందరు కలిసి డాగ్స్ ఫర్ డిఫెన్స్ అనే సంస్థ పెట్టారు. మీ ఇంటి కుక్కను సైన్యానికి ఇవ్వండని అడిగారు. జనం ఇచ్చారు. యుద్ధం అయ్యేలోపు దాదాపు 19,000 కుక్కలు అలా వచ్చాయి. అందులో సగానికి కొంచెం తక్కువ పనికిరావని ఇంటికి తిప్పి పంపారు. తుపాకీ మోతకు వణికేవి కొన్ని, ఒంట్లో బాగాలేనివి కొన్ని. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కుక్క ఫాలా యుద్ధానికి వెళ్లలేదు గాని, ఒక డాలర్ విరాళం కట్టించుకుని దానికి 'ప్రైవేట్' హోదా ఇచ్చారు. మన సంఘంలో డోనర్లకు ఇచ్చే ప్లాటినం, గోల్డ్ హోదాల్లాంటిది.

ఆ కుక్కలకు శిక్షణ ఇచ్చిన మొదటి కేంద్రం ఎక్కడుందో తెలుసా? వర్జీనియాలోని ఫ్రంట్ రాయల్. అవును, ఆకులు రంగు మారినప్పుడు మనమంతా కార్లేసుకుని స్కైలైన్ డ్రైవ్ కొండ దారికి వెళ్తే, ఉత్తరం గేటు ముందు కాఫీకి ఆగే ఆ ఊరే. అక్కడ సైన్యం గుర్రాల డిపో ఉండేది. 1942 ఆగస్టులో అందులోనే కుక్కల శిక్షణ మొదలుపెట్టారు. ఇప్పుడా స్థలంలో స్మిత్సోనియన్ వాళ్లు అంతరించిపోతున్న జంతువుల్ని పెంచుతూ పరిశోధన చేస్తున్నారు. పోయినేడు మన పిక్నిక్కు వెళ్లినప్పుడు బస్సు ఆ పక్కనుంచే వెళ్లింది. మనం అంత్యాక్షరి ఆడుకుంటూ పోయాం.

అలా ఫ్రంట్ రాయల్‌లో శిక్షణ పొందిన కుక్కల్లో చిప్స్ ఒకటి. న్యూయార్క్ రాష్ట్రంలో ప్లెజెంట్‌విల్ అనే ఊళ్లో ఒక ఇంటి కుక్క. చెత్త బండి మనిషిని కరిచాడని, ఇంట్లో పెట్టుకోలేక సైన్యానికి ఇచ్చేశారని అంటారు. 1943 జూలైలో సిసిలీ ఒడ్డున దిగినప్పుడు, మరతుపాకీ పేలుతున్న గూడులోకి పట్టీ తెంచుకుని దూకాడు. లోపలున్నవాళ్లు చేతులెత్తి బయటికొచ్చారు. సైన్యం పతకాలిచ్చింది, మళ్లీ అవి మనుషులకే తప్ప జంతువులకు ఇవ్వకూడదని వెనక్కి తీసుకుంది. అభినందించడానికి వంగిన జనరల్ ఐసెన్‌హోవర్ చేతిని కూడా కొరికాడని చెప్పుకుంటారు. చెత్త బండి మనిషైనా, సేనాధిపతి అయినా వాడికి ఒకటే. 1945 డిసెంబరులో ఇంటికొచ్చాడు. అప్పటికి ఆ ఇంట్లో పిల్లవాడికి నాలుగేళ్లు. కొన్ని నెలలకే చిప్స్ చనిపోయాడు. 2018 జనవరిలో లండన్‌లో చిప్స్ పేరు మీద జంతువుల ధైర్యానికిచ్చే డికిన్ మెడల్ ఇచ్చినప్పుడు, దాన్ని అందుకున్నది ఆ పిల్లవాడే. అప్పటికి ఆయన డెబ్బైలు దాటిన పెద్దాయన.

నన్ను ఆలోచనలో పడేసింది ఈ పతకాలు కాదు. యుద్ధం అయ్యాక ఆ కుక్కల్ని నేరుగా ఇంటికి పంపలేదు. కరవమని నేర్పినదాన్ని మర్చిపోవడం కూడా నేర్పాల్సి వచ్చింది. ఒక్క మనిషికే అలవాటు పడిన కుక్కను చేతులు మార్చి మార్చి చాలామంది దగ్గర ఉంచారు, కొత్త మనిషి అంటే శత్రువు కాదని తెలియడానికి. ఆ తర్వాత డిశ్చార్జి సర్టిఫికెట్ ఇచ్చి ఇంటికి పంపారు. ఈ సినిమాలో డానీ చేసేది ఆ పనే, ఒంటరిగా, ఎవరూ నేర్పకుండా. అంతకంటే కష్టమైన అదే పని ఇంట్లో ఆన్ చేస్తుంటుంది, పిల్లవాడితో.

ఇక ఐదో కారణం. అక్క ఫోన్లో అన్న మాట ఇది: "పిల్లల ముందు ఆ సవతి తల్లి గోల ఎందుకని కొందరు అన్నారు. నువ్వు కూడా నొచ్చుకుంటావేమోనని."

ఆ సినిమా పెడదామన్నది నేనే కదా అక్కా అన్నాను. కాసేపు అవతల నుంచి కుక్కర్ విజిల్ తప్ప ఏం వినిపించలేదు.

మీరు మంచి మనసుతోనే చేశారని నాకు తెలుసు. మీకు చెడ్డ ఉద్దేశం ఉంటే ఈ లేఖ ఇంత పొడుగ్గా రాసేదాన్ని కాదు. కానీ మన భాషలో ఆ మాటకున్న బరువు చూడండి. ప్రతి ఏటా బడ్జెట్ రాగానే పేపర్లలో ఏదో ఒక హెడ్డింగు వస్తుంది: రాష్ట్రంపై కేంద్రం సవతి తల్లి ప్రేమ. రైల్వే లైను రాకపోయినా సవతి తల్లే, యూరియా అందకపోయినా సవతి తల్లే. మూడేళ్లుగా ఆ హెడ్డింగు కనిపిస్తే చాలు, నేనేదో నిధులు ఆపేసినట్టు ఉలిక్కిపడుతున్నాను. చిన్నప్పుడు విన్న కథల్లో ఆవిడ పిల్లలకు అన్నం పెట్టదు. సీరియళ్లలో పాలల్లో ఏదో కలుపుతుంది. పిల్లవాడు మాట్లాడకపోతే ఏం చేయాలో తెలియక వంటింట్లో నిలబడ్డ ఆవిడ ఎక్కడా కనిపించదు. ఈ కొసరు సినిమాలో నాకు కనిపించింది. ఆన్‌ది మంచితనం అని ఎవరూ డప్పు కొట్టరు. ప్రయత్నిస్తుంది, తప్పులు చేస్తుంది.

మా ఇంటి సంగతి మీకు సగం తెలుసు, మిగతా సగం ఊహించుకుని ఉంటారు. ఊహించుకున్న సగానికి బదులు ఇది ఉంచుకోండి.

నేను ఈ ఇంటికి వచ్చి మూడేళ్లయింది. అప్పుడు బాబుకు ఆరేళ్లు, లడ్డూకు నాలుగు. లడ్డూను షెల్టర్ నుంచి తెచ్చుకున్నది బాబు వాళ్ల అమ్మ. ఆమెది తెనాలి. కుక్కతో కూడా ఇంగ్లీషేనా అని, వాడికి అన్నీ తెలుగులోనే నేర్పిందట. కూచో, దా, ఉండు, వదిలెయ్. నాది హనుమకొండ. వచ్చిన మొదటి వారం నేను "కూసో" అంటే లడ్డూ నా మొహంలోకి చూసేవాడు. "కూసో రా" అని కొంచెం గట్టిగా అంటే లేచి వెళ్లి బాబు మంచం కింద దూరేవాడు. కుక్క కూడా నన్ను ఒప్పుకోలేదని బాత్‌రూమ్‌లో నీళ్లు వదిలి ఏడ్చాను. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గాని, ఆరోజు నవ్వు రాలేదు.

బాబు నాతో మాట్లాడేవాడు కాదు అనలేను. అడిగినదానికి ఓకే ఆంటీ, నో ఆంటీ, థాంక్స్ ఆంటీ. హోటల్లో సర్వర్‌తో మాట్లాడినంత మర్యాదగా ఉండేవాడు. ఆ మర్యాదే నాకు టెన్షన్. అల్లరి చేస్తే కోప్పడవచ్చు, మర్యాదను ఏం చేస్తాం?

ఒక సాయంత్రం లడ్డూ గిన్నె చేతిలో పట్టుకుని కూసో, కూసో అని పది సార్లు అని ఉంటాను. మెట్ల మీద కూర్చుని బాబు చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక అన్నాడు: "వాడికి కూసో రాదు ఆంటీ. కూచో అనాలి."

అప్పటిదాకా వాడు నాతో అన్న అతి పొడుగు మాట అదే. నేను కూచో అన్నాను. నా నోట్లో అది సరిగ్గా రాలేదు. వాడు కిందికి దిగి వచ్చి, "అలా కాదు, చూడండి, కూ... చో" అని దీర్ఘం తీసి చూపించాడు. లడ్డూ టక్కున కూర్చున్నాడు. ఆ దీర్ఘం ఎవరిదో నాకు అప్పుడు అర్థమైంది.

ఆదివారాలు తెనాలి నుంచి బాబు వాళ్ల అమ్మమ్మ వీడియో కాల్ చేస్తుంది. నేను వచ్చిన కొత్తలో ఆ టైముకు పనిగట్టుకుని కూరగాయలకు వెళ్లేదాన్ని. ఒకసారి వాన పడుతుంటే ఇంట్లోనే ఉండిపోయాను. ఐప్యాడ్‌లోంచి ఆవిడ "లడ్డూ, దా" అంది. వాడు పరుగెత్తుకొచ్చి స్క్రీన్ చూశాడు, తర్వాత ఐప్యాడ్ వెనక్కి వెళ్లి వెతికాడు. బాబు నవ్వాడు, ఆవిడ నవ్వింది, తర్వాత ఇద్దరూ ఆగిపోయారు. నేను టీ గ్లాసు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆవిడే పిలిచింది. "ఇట్లా రా అమ్మా. వాణ్ణి 'రా' అంటే రాడు, 'దా' అనాలి. మా అమ్మాయి అట్లాగే పిలిచేది. నువ్వు కూడా అట్లాగే పిలువు, ఏం కాదు." ఆ 'ఏం కాదు' కోసం నేను ఎన్నాళ్లు ఎదురుచూశానో ఆవిడకు తెలియదు.

ఇప్పుడు లడ్డూకు రెండు యాసలూ వచ్చు. కూచో అంటే బుద్ధిగా కూర్చుంటాడు. కూసో అంటే కూర్చుని, తినడానికి ఏం పెడతానా అని నా చేతులు చూస్తాడు, ఎందుకంటే అది నేర్పింది బిస్కెట్లతో. బాబు నన్ను ఇంకా ఆంటీ అనే అంటాడు. నాకేం తొందర లేదు.

పోయిన చలికాలం మంచు పడి బడికి సెలవిచ్చిన రోజు ఈ సినిమా ఇద్దరం చూశాం. నేను వెతికి పెట్టలేదు. వాడు కుక్కల సినిమాలు చూస్తూ పోతుంటే వచ్చింది. ఆయన ఆఫీసు కాల్‌లో ఉన్నారు. డానీ కుక్క చనిపోయే చోట వాడు రిమోట్ తీసుకుని ఆపేశాడు. లేచి వెళ్లి పక్క గదిలో నిద్రపోతున్న లడ్డూను చూసి వచ్చాడు. మళ్లీ కూర్చుని, "ప్లే చేయండి" అన్నాడు. ఏడుస్తారన్న మీ నాలుగో కారణానికి నా దగ్గరున్న జవాబు ఇదే. చావు అంటే ఏమిటో మనకంటే ముందే తెలిసిన పిల్లలు మన గ్రూపులోనే ఉన్నారు. వాళ్లను చూసి మనమే భయపడుతున్నాం.

రస్టీ మాట విననప్పుడు వాడు అడిగాడు, "వాడికి ఇంగ్లీష్ రాదా?" వాడు జర్మన్లో పెరిగాడు నాన్నా అన్నాను. కాసేపు ఊరుకుని, "అయితే వీళ్లు జర్మన్ నేర్చుకోవచ్చు కదా" అన్నాడు. ఆ తర్వాత ఆన్ కనిపించిన ప్రతిసారీ ఓరకంట నన్ను చూశాడు. నేను తెర వైపే చూస్తున్నట్టు నటించాను. సినిమా అయ్యాక మేమిద్దరం దాని గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. పకోడీలు వేశాను, తిన్నాం. వారం తర్వాత వాడే అడిగాడు, ఇది మన సంఘం సినిమాల్లో పెడతారా, ఫ్రెండ్స్‌తో చూడొచ్చా అని. ఆగస్టులో నేను చెయ్యి ఎత్తింది అందుకే. వాడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. సినిమా ఎందుకు మార్చారని అడిగితే నేనింకా జవాబు చెప్పలేదు.

బ్లాక్ అండ్ వైట్ అయితే కూర్చోరన్న మొదటి కారణం ఒక్కటి మిగిలింది. అది నిజమే కావచ్చు. ఐదు నిమిషాలు గోల చేస్తారు. మన పిల్లలు రంగుల సినిమాకు కూడా గోల చేస్తారు, పిజ్జా రాగానే సర్దుకుంటారు.

కొత్త యానిమేషన్ సినిమా మానేయమని అడగడం లేదు. అది వచ్చే నెల వేసుకోండి, నేనే ముందు వరసలో కూర్చుంటాను. ఈ నెల మాత్రం అనుకున్నదే వేద్దాం. మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు ఫ్రంట్ రాయల్ గురించి, చిప్స్ గురించి పిల్లలకు నేను చెప్తాను. లడ్డూను కూడా తీసుకొస్తాను, హాలు నియమాలు ఒప్పుకుంటే. ఏ ఇంటి పిల్లలకైనా ఇది వద్దనిపిస్తే వాళ్లు రాకపోవచ్చు, నేనేమీ అనుకోను. నా కోసం మాత్రం ఆపొద్దు. నన్ను అడగాల్సింది ఉంటే నన్నే అడగండి, నా నంబరు అందరి దగ్గరా ఉంది.

ఒక చిన్న సంగతి. ముగ్గుల పోటీ అయినప్పటి నుంచి కమ్యూనిటీ హాలు రెండో తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. కావాలంటే శుక్రవారం లోపు ఎవరైనా వచ్చి తీసుకెళ్లండి. లేకపోతే శనివారం నాలుగింటికి నేనే వచ్చి తలుపు తీస్తాను. ప్రొజెక్టర్ వైరు మాత్రం కోశాధికారి అన్న కారు డిక్కీలో ఉంది, అది మర్చిపోకుండా తెమ్మని చెప్పండి.

ఇట్లు,
మీ సంఘం సభ్యురాలు,
మా బాబుకు ఇంకా ఆంటీనే